పూనకంలో అన్న మాట

సఖినేటిపల్లి రేవుకి కాస్త ఎగువన, గోదారి గట్టు మీద చిన్నతల్లి ఇల్లు. మొగుడు గంగరాజు రాత్రంతా ఏట్లో వలేసి తెల్లారగట్ల ఒడ్డుకొస్తే, ఆ చేపల్ని గంపకెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేది. నోరు పెద్దదే కానీ తూకంలో మోసం చేసే మనిషి కాదు. మధ్యాహ్నం కాకుండానే గంప ఖాళీ అయ్యేది.

తొంభై ఏడు శ్రావణంలో ఆ గంప ఖాళీ కావడం మానేసింది. కారణం కనకస్వామి.

స్వామి అసలు పేరు కనకరాజు. పెళ్ళిళ్ళకీ జాతర్లకీ మైకుసెట్లు అద్దెకిచ్చుకునేవాడు. ఓ జాతరలో మైకు సరిచేస్తూ ఉండగానే అమ్మవారు పూనింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పూనుతూనే ఉంది. గుడి పక్కన పందిరి లేచింది. పూనకంలో అమ్మవారు చెప్పే మాటలు రికార్డు చేసి క్యాసెట్లు కూడా అమ్మేవారు. పాత వృత్తి మీద మమకారం చావలేదు కాబోలు, కోడి కూయక ముందే పందిట్లో మైకు కూసేది.

ఒకనాడు చిన్నతల్లి వెళ్ళి మర్యాదగానే అడిగింది.

"స్వామీ, ఆ మైకు రవ్వంత తగ్గించండి. మా ఆయన రాత్రంతా ఏట్లో నానొచ్చి అప్పుడే నడుం వాలుస్తాడండి."

"అమ్మవారిని తగ్గించమంటున్నావా?" అన్నాడు స్వామి.

"అమ్మవారిని కాదండి, మైకుని."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఆ శుక్రవారం కొబ్బరికాయల వ్యాపారి భార్య రత్నం, జ్వరం తగ్గని కూతుర్ని ఎత్తుకుని పందిట్లోకి వెళ్ళింది. పిల్లకి పట్టింది జ్వరం కాదు చిల్లంగి అనీ, ఆ చేతబడి చేసింది గట్టు మీది చిన్నతల్లి అనీ స్వామి ఊగుతూ చెప్పాడు. పిల్లకి రాజోలు డాక్టరు గారు టైఫాయిడని మందులిచ్చారు, తగ్గింది కూడా. కానీ పేరు అమ్మవారికే వెళ్ళింది, నింద చిన్నతల్లికి మిగిలింది.

ఆమె వీధిలోకొస్తుంటే తలుపులు మూసుకునేవి. పసిపిల్లల తల్లులు బిడ్డ మీద కొంగు కప్పేసుకునేవారు. "ఈవేళ వద్దులే" అని రత్నం కిటికీలోంచే అనేసింది, మొహం చూడకుండా. తెచ్చిన చేపలు సాయంత్రానికి గోదారి పాలయ్యేవి. అంత నోరున్న మనిషీ ఇంట్లో మాట్లాడ్డం మానేసింది. ఆమెకి ఆకలి కన్నా పెద్ద బాధ ఇంకోటుంది. చిన్నప్పట్నుంచి ఆ అమ్మవారికి దణ్ణం పెట్టందే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. ఆ తల్లి తనని అంత మాట అంటుందా?

నాలుగు రోజులు ఆలోచించి, ఓ పొద్దున్న మొగుడితో అంది.

"అనదయ్యా. ఆవిడ అనలేదు. ఈడే అన్నాడు."

"అయితే ఏం చేస్తావే?"

"కేసేస్తాను."

గంగరాజు గతుక్కుమన్నాడు. "అమ్మవారి మీద కేసేంటే, కళ్ళు పోతాయి!"

"అమ్మవారి మీద ఎవరేస్తారు? మైకుసెట్టు కనకరాజు మీద."

రాజోలు కోర్టులో ఉమామహేశ్వరి గారని కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ప్లీడరు. చిన్నతల్లి చెప్పిందంతా విని, "పరువునష్టం కింద వెయ్యొచ్చండి. కానీ ఆయన ఆ మాట అన్నాడని చెప్పడానికి సాక్షులు కావాలి. ఎవరైనా వస్తారా?" అని అడిగింది.

ఎవరూ రాలేదు. స్వామికి ఎదురు చెబితే రేపు తమ పేరు వినబడుతుందని భయం. ఉమామహేశ్వరి వారం తరవాత కబురు పెట్టింది. "సాక్షి దొరికిందండి. బజార్లో కొనుక్కొచ్చేను. మీరు ధైర్యంగా ఉండండి."

కేసు విచారణకొచ్చిన రోజు కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. స్వామి పట్టుపంచెలో వచ్చాడు. ఆయన తరఫు ప్లీడరు లేచి, "పూనకంలో మా క్లయింటు మనిషి కాదండి. ఆ నోట పలికేది అమ్మవారు. ఆ మాటకి ఆయన్ని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు" అన్నాడు. ఆ మాటే తన నోటితో చెబుతానని స్వామి తానుగా బోనెక్కాడు.

ఉమామహేశ్వరి వినయంగా అడిగింది. "పూనకంలో మీకేమైనా తెలుస్తుందాండీ?"

"ఏం తెలీదమ్మా. ఒళ్ళే తెలీదు."

"ఎదురుగా ఎవరున్నారో?"

"తెలీదు."

"చుట్టూ ఏం జరుగుతోందో?"

"నేనక్కడ ఉంటే కదమ్మా!"

హాల్లో భక్తులు తలలూపారు. ఉమామహేశ్వరి బజార్లో కొన్న పూనకం క్యాసెట్టు తీసింది. దాని మీద ముద్రించింది స్వామి ఫొటోయే, గొంతూ తనదేనని ఆయనే ఒప్పుకున్నాడు. మెజిస్ట్రేటు గారి అనుమతితో బల్ల మీద టేపురికార్డరు పెట్టారు.

ముందు డప్పులు. ఆ చప్పుడికి హాల్లో సగం మంది చేతులు జోడించేశారు. తరవాత కీచుగొంతు లేచింది.

"ఈ బిడ్డకి తగిలింది చిల్లంగిరా! గట్టు మీద చేపలమ్మే చిన్నతల్లి చేసిందిరా!"

తన పేరు అలా నలుగురి ముందు వినడం చిన్నతల్లికి అదే మొదలు. బల్ల అంచు పట్టుకుంది.

అంతలో డప్పులు ఆగాయి. టేపులో మామూలు మగగొంతు వినిపించింది. "ఒరేయ్, టేపు తిరుగుతోందా? ఎర్రలైటు రాట్లేదేంటి?"

"తిరుగుతోందండి స్వామీ" అన్నారెవరో.

"ఇందాకటిది పడిందో లేదో. డప్పు కొట్టండెహె!"

మళ్ళీ డప్పులు. మళ్ళీ కీచుగొంతు, మొదటికన్నా స్పష్టంగా, చిన్నతల్లి పేరు విడివిడిగా పలుకుతూ.

అన్నాళ్ళుగా ఇంటింటా మోగుతున్న క్యాసెట్టే అది. పొద్దున్నే పెట్టేసి పనుల్లో పడిపోయేవారే కానీ, కూచుని విన్నవాళ్ళు లేరు. హాల్లో ముందెవరో తుమ్మినట్టు నవ్వారు. తరవాత ఆ నవ్వులు ఆపడం బిళ్ళ బంట్రోతు వల్ల కూడా కాలేదు. జోడించిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

మెజిస్ట్రేటు గారు నవ్వలేదు. "అమ్మవారు పూనుతుందా లేదా అన్నది నేను తేల్చను. అది మీ నమ్మకం. ఎర్రలైటు చూసుకున్న మనిషికి తను ఏమంటున్నాడో తెలుసా లేదా, అది తేల్చడం నా పని" అని, మధ్యాహ్నానికి వాయిదా వేశారు.

భోజనాల వేళ స్వామి ప్లీడరు చింతచెట్టు కిందికి వచ్చాడు, రాజీకి. ఉమామహేశ్వరి చిన్నతల్లిని పక్కకి తీసుకెళ్ళింది. "శిక్ష పడే కేసండి ఇది. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం."

చిన్నతల్లి ఆలోచించింది. జైలుకెళితే స్వామికి దండలేసి పంపుతారు, వచ్చేక మళ్ళీ దండలేస్తారు. తన మీద నింద మాత్రం అక్కడే ఉంటుంది.

"ఆ పందిట్లోనే, ఆ మైకులోనే చెప్పాలండి. అమ్మవారి గొంతుతో కాదు, సొంత గొంతుతో. అప్పుడే రాజీ."

ఆ తరవాతి శుక్రవారం పందిరి చాలక జనం రోడ్డు మీద కూడా నిలబడ్డారు. స్వామి మైకు పట్టుకుని, "అమ్మ దయ వల్ల ఒక పొరపాటు..." అని ఎత్తుకున్నాడు.

"అమ్మని తీసుకురాకండి" అంది చిన్నతల్లి ముందు వరసలోంచి.

స్వామి నుదురు తుడుచుకున్నాడు. మైకు ముందు ఆయన తడబడ్డం ఊరు ఎన్నడూ చూడలేదు. "కనకరాజునండి. చిన్నతల్లి ఏ చిల్లంగీ చెయ్యలేదు. నేనే అబద్ధం చెప్పేను. తప్పయిపోయింది."

ఎవరూ ఈలలెయ్యలేదు. చిన్నతల్లికి గెలిచినట్టూ అనిపించలేదు. గుండె మీంచి రాయి దొర్లినట్టయి, అక్కడే కూచుని బోరున ఏడ్చేసింది. పక్కనున్న ముసలావిడ ఎవరో వీపు రాసింది.

మర్నాడు గంపెత్తుకుని వెళితే కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, కొన్ని తెరుచుకోలేదు. రత్నం మాత్రం గుమ్మం దిగి వీధిలోకే వచ్చింది.

"ఏవనుకోకు చిన్నతల్లీ. అమ్మవారే చెప్పిందనుకున్నాను."

"ఆయ్. మీకు పిల్ల మీద భయం కదండీ" అంది చిన్నతల్లి. గంప సర్దుకుంటూ, "నన్నోసారి అడిగుంటే బాగుండేదండి" అంది.

రత్నం తల దించుకుంది. లోపల్నుంచి పళ్ళెం తెచ్చి, గంప కిందికి దించడానికి తనే చెయ్యేసి పట్టింది.