బియ్యం నిండుకున్నాయి

గుణదలలో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, చౌడేశ్వరి గారి మేడమీద గది దొరకడం తేలిక్కాదని. వచ్చినవాళ్ళని నేనడిగే ప్రశ్నలు విని మావారు మార్కండేయులు నన్ను కలెక్టరమ్మ అంటారు. అలాంటిదాన్ని, వియత్నాం నుంచి వచ్చిన లాన్ అనే అమ్మాయిని చూడగానే మారుమాట లేకుండా తాళం చేతిలో పెట్టేశాను. కంకిపాడు దగ్గర రొయ్యల మేత ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించి, ఇక్కడివాళ్ళకి నేర్పి వెళ్ళాలట. ఆరు నెలల పని.

నెల తిరిగేసరికి పిల్ల బాగానే కుదురుకుంది. కూరల బండి ఎన్నింటికొస్తుందో, ఆటో ఎక్కడ ఆపమనాలో, మున్సిపాలిటీ పంపు ఏ వేళకి ఆగిపోతుందో అన్నీ పట్టేసింది. మూడు పూటలా అన్నం తనే వండుకునేది. ఫోన్లో నిఘంటువు పెట్టుకుని రోజుకి నాలుగు తెలుగు మాటలు నేర్చుకుని, వాటికి ఇంగ్లీషు కలిపి నామీద ప్రయోగించి చూసేది. నాకు ఆ పిల్ల మెట్లు దిగే చప్పుడు అలవాటైపోయింది.

అలాంటిది ఒక శుక్రవారం సాయంత్రం కిందికొచ్చి, ఆదివారం గది ఖాళీ చేసి కంపెనీ గెస్ట్‌హౌస్‌కి వెళ్ళిపోతానంది. నాకు ఒళ్ళు మండింది. ఇంకా ఐదు నెలలుంది, ఎలా వెళ్తుంది? ఏం తక్కువైందని అడిగితే ఏమీ లేదంటుంది, మొహం చూస్తే కందగడ్డలా ఉంది. గుచ్చి గుచ్చి అడిగాక బయటపెట్టింది.

మంగళవారం పొద్దున లాన్ గిన్నె పట్టుకుని మా వంటింటి గుమ్మంలోకి వచ్చి గ్లాసుడు బియ్యం అడిగింది. మా డబ్బాలోనూ గింజ లేదు. "నిండుకున్నాయమ్మా" అని చెప్పి నా హడావిడిలో నేను పడ్డాను. ఆ పిల్ల పైకెళ్ళి ఫోన్లో వెతికింది. నిండు అంటే అంచుదాకా అని ఉందట.

"డబ్బా నిండా ఉన్నాయి అని మీరే చెప్పారు. నాకు ఒక గ్లాసు ఇవ్వలేదు. మా ఊళ్ళో బియ్యం అడిగితే ఎవరూ కాదు అనరు, ఆంటీ" అంది.

నాకు నవ్వొచ్చింది. అదే తప్పయింది, పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. బియ్యం, ఉప్పు, పసుపు ఇంట్లో లేవు అనకూడదు, అంటే నిజంగానే లేకుండా పోతాయని మా పెద్దవాళ్ళ భయం. అందుకని నిండుకున్నాయి అంటాం. లేనప్పుడు నిండాయంటే మరి నిండినప్పుడు ఏమంటారని అడిగింది. పోనీ చూపిద్దామని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి డబ్బా మూత తీశాను. మంగళవారం సాయంత్రమే మావారు బస్తా తెచ్చి పోసిన సంగతి నేను మర్చిపోయాను. బియ్యం అంచుదాకా ఉన్నాయి. లాన్ డబ్బా వంక చూసి, నా వంక చూసి మెట్లెక్కింది. నన్ను అబద్ధాలకోరు కింద జమకట్టేసింది.

ఆదివారం లాన్ పెట్టె సర్దుకుని కిందికి దిగాక గానీ నాకు దారి తట్టలేదు. పెళ్ళిళ్ళ సీజను కాబట్టి మావారు ఆ రోజూ మా బట్టల కొట్లోనే ఉన్నారు. ఆయనకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, లాన్ ముందు పట్టుకున్నాను.

"ఏవండీ, మంగళవారం ఫోన్ చేసి మీకేం చెప్పానండీ?"

"బియ్యం నిండుకున్నాయి, బస్తా పట్రమ్మన్నావు. తెచ్చి పోశానుగా. అప్పుడే మళ్ళీ నిండుకున్నాయా ఏంటి?"

లాన్ ఆ మాటలని పెదాలతో మళ్ళీ ఒకసారి అనుకుంది. నిండుకున్నాయి, బస్తా. తర్వాత పెట్టె వదిలేసి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. గేటు దగ్గర కంపెనీ కారు హారన్ కొడితే, ఆ అమ్మాయి రావట్లేదని డ్రైవర్‌కి నేనే చెప్పి పంపించేశాను. లాన్ కాదనలేదు.

కారు వెళ్ళాక నెమ్మదిగా అడిగింది. "ఆంటీ, మంగళవారం పొద్దున నేను ఏం తిన్నాను, మీకు తెలుసా?"

తెలియదన్నాను.

"రెండు బిస్కెట్లు. తర్వాత ఫ్యాక్టరీకి వెళ్ళాను."

తప్పు పడుతున్నట్టు కాదు, ఊరికే చెప్పింది. బియ్యం లేవు, నిజమే. కానీ ఆ పొద్దున మా పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతున్నాయి. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లని నాలుగు తినిపొమ్మనడానికి నాకు ఏ నిఘంటువు అడ్డొచ్చింది? నాకు సిగ్గేసింది.

"లోపలికి రా, అన్నం తిందువుగాని" అన్నాను.

నెల రోజుల్లో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి.