కుడిచేతికి కట్టిన పట్టీ

ఫ్రూమా గీసిన ముఖాలు చూడ్డానికి ఆ ఆదివారం విల్నా నగరపు యూదులవాడ సగం హాలుకి కదిలొచ్చింది. చేపలమ్మే రెయిజ్ల్ తన బొమ్మ ముందే తిష్ఠ వేసి, "చెప్పండి, నా ముక్కు ఇంత లావా?" అని వచ్చిన ప్రతివాణ్ణీ నిలదీస్తోంది. ఒకటే నవ్వులు.

ఫ్రూమా కళ్ళు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి. వాళ్ళ నాన్న అన్షెల్, పుస్తకాలకి అట్టలు కుట్టే మనిషి, మహా మొండిఘటం. బొమ్మలు గీయడం పాపమంటాడు. ఒక్కనాడూ కూతురి ఎదుట కూర్చోలేదు, గీసిన ఒక్క బొమ్మా చూడలేదు. ఊరంతా మెచ్చుకుంటే మాత్రం ఏం లాభం, ఆయన చూడకపోయాక! ఉండబట్టలేక, ఆయన పొద్దుటి ప్రార్థనలో ఉండగా దొంగచాటుగా గీసి, ఆ బొమ్మనే నట్టనడుమ తగిలించింది.

"వాడు రాడులేవే. ఎత్తుకు పెంచినదాన్ని, నాకు తెలీదూ?" అంది అన్షెల్ అక్క, పేషె అత్త.

అంతలోనే ఊడిపడ్డాడు అన్షెల్, ముఖం జేవురించి.

"ఏదీ ఆ బొమ్మ? ప్రార్థన మందిరంలో నన్ను తలెత్తుకోనివ్వట్లేదు! 'ఎడమచేతి వాటం ఎప్పట్నుంచి?' అని ఒకటే వెటకారం!"

ఫ్రూమా బొమ్మ దగ్గరికి పరిగెత్తింది. చింపేస్తాడేమో!

అన్షెల్ బొమ్మకేసి వేలు చూపించాడు. "ప్రార్థనప్పటి తోలుపట్టీ ఎడమచేతికి చుట్టుకోవాలని పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసే! ఎడమచేతి వాటం వాళ్ళే కుడిచేతికి చుట్టుకునేది! కుడిచేతికి చుట్టావేం? నువ్వు నా ఇంట్లో పెరగలేదూ?"

ఫ్రూమా నాలిక్కరుచుకుంది. "అద్దంలో నీ నీడ చూసి గీశాను నాన్నా. అందుకే అటుదిటైంది. నువ్వు ఎదురుగా కూర్చుంటే కదా!"

"తప్పు నీదేరా అన్షెల్!" అంది అత్త. హాలంతా గొల్లుమంది.

అన్షెల్ నవ్వలేదు. బొమ్మ దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"కళ్ళు... మా అమ్మవి," అన్నాడు మెల్లిగా. మళ్ళీ గొంతు పెంచాడు. "ఇలా తప్పుగా వేలాడనిస్తానా? రేపట్నుంచి ప్రార్థనయ్యాక పట్టీ విప్పకుండా కూర్చుంటా. చదువుకుంటూ ఉంటా, నువ్వు గీసుకో. ఎన్నాళ్ళు పడుతుంది?"

చెయ్యి సరిదిద్దడానికి రెండు పూటలు చాలు.

"నెల పడుతుంది నాన్నా," అంది ఫ్రూమా.

పేషె అత్త నోరు తెరవబోయి, మేనకోడలి ముఖం చూసి, గబుక్కున మూసేసుకుంది.