ఎవరి చెయ్యి వణికింది

ఆ మందుల ఫ్యాక్టరీలో పసిపిల్లల గుండెజబ్బు మందు తూచే పని ఆమెది. తూచే యంత్రంలో గోరంత పలక అయస్కాంతాల పైన దేన్నీ తాకకుండా గాలిలో తేలుతుంటుంది. దాని మీద మందు రేణువు పెడితే వెంట్రుకవాసిలో వందోవంతు కిందికి దిగుతుంది. ఎంత దిగిందో కొలిచి యంత్రం బరువు చెబుతుంది. ఈగ రెక్క కూడా దానికి బండరాయే.

ఆ యంత్రాన్ని తయారుచేసింది మాస్టారు. ఆమెకు పని నేర్పి, కన్నకూతురిలా చూసుకున్నదీ ఆయనే. నాలుగేళ్ల కిందట ఆయన చేతికి వణుకు పట్టుకుంది. పట్టకారుతో రేణువు పెట్టబోతే పక్కన పడేది. "ఎవరికీ చెప్పకమ్మా, ఇంటికి పంపించేస్తారు" అన్నారు. చెప్పనని మాటిచ్చింది. అప్పట్నుంచీ ఆయన వంతు రేణువులు కూడా తనే పెట్టేది, ఆయన అంకెలు రాసుకునేవారు.

ఈసారి కొత్త సరుకులో ప్రతి రేణువూ ఉండాల్సినదానికన్నా పదోవంతు ఎక్కువ తూగింది. పసిగుండెకు అది చిన్న తేడా కాదు. మూడుసార్లు తూచి, సరుకు ఆపమని రాసింది.

మర్నాడు మేనేజరు పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. 'యంత్రం బాగానే ఉంది. తూచేవారి చెయ్యి వణికి పలక ఊగుతోంది. ఈ తూకాలు నమ్మలేం.' కింద మాస్టారి సంతకం.

ఆమె తిన్నగా మాస్టారి దగ్గరికెళ్లింది.

"ఏంటి మాస్టారూ ఇది?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరుకు ఆగితే పైవాళ్లు ఊరుకోరు. నాకింకా ఎనిమిది నెలలే సర్వీసు. నీకు వయసుంది, ఎక్కడైనా బతుకుతావు."

"తూకం తప్పా?"

"కాదు."

"మరి చెప్పడానికి నా చెయ్యే దొరికిందా మీకు?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

ఆమె మేనేజరును, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి వాళ్ల ఎదుటే తూచింది. పది రేణువులు పెట్టింది. ఒక్కటీ జారలేదు, అంకెలు మళ్లీ అవే. సరుకు ఆగిపోయింది.

"మరి ఆయనెందుకలా రాశాడు?" అన్నాడు మేనేజరు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "ఆయన్నే అడగండి" అంది.

సాయంత్రం గేటు దగ్గర మాస్టారు ఎదురొచ్చారు. "నా పరువు నిలబెట్టావు తల్లీ."

"మీకోసం కాదు, మాటిచ్చాను కాబట్టి. రేపట్నుంచి మీ రేణువులు మీరే పెట్టుకోండి" అని ముందుకు నడిచింది.

బస్సులో సీటు దొరికాకగానీ ఏడుపు రాలేదు. తండ్రి పోయినప్పుడు కూడా అంతసేపు ఏడవలేదు.