తలుపు చెక్క మీద ముగ్గురు

భోజనాల గదిలో జుల్మీరా సూపు చెంచా నోటిదాకా తెచ్చిందో లేదో, జర్మన్ టార్పెడో ఓడ పక్కలో పేలింది. దీపాలు ఆరిపోయాయి. బల్లలూ మనుషులూ ఒకే మూలకు జారిపోయారు. అత్తగారు ఎపొనీనా చెయ్యి పట్టుకుని జుల్మీరా మెట్లెక్కేసరికి పడవలు దించే వ్యవధి కూడా లేదు. సముద్రమే పైకొచ్చి ఇద్దర్నీ లాక్కుపోయింది.

అది 1942 ఆగస్టు, బ్రెజిల్ తీరం. రెసీఫెలో సిపాయిగా ఉన్న జుల్మీరా భర్తను చూడ్డానికి ఇద్దరూ సాల్వడార్‌లో ఓడెక్కారు.

నీళ్లమీద నూనె తెట్టు కట్టింది. జుల్మీరాకు ఒక తలుపు చెక్క దొరికింది. ఈత రాని అత్తను దానిమీదికి తోసి, తాను సగం ఒళ్లు ఆనించింది.

"అత్తయ్యా, పట్టు వదలకండి!"

"అరవకే, నాకేం చెవుడు లేదు," అంది ముసలావిడ, పళ్లు టకటకలాడుతుంటే.

చుట్టూ అమ్మల్ని పిలిచే కేకలు. ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

అంతలో ఒక కుర్ర సిపాయి ఈదుకుంటూ వచ్చి చెక్క పట్టుకున్నాడు. అది ఒరిగి ఎపొనీనా నోట్లోకి నీళ్లు పోయాయి.

"వదులు! ముగ్గురం మునిగిపోతాం!" జుల్మీరా అతని వేళ్లు ఊడబెరకబోయింది.

"చెయ్యి తియ్యవే!" ఎపొనీనా అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా కొడుకు ఇలా నీళ్లలో ఉంటే, వాణ్ణీ ఎవత్తో ఇలాగే రక్కాలా?"

జుల్మీరాకు ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది. ఆమెకు బతకాలని ఉంది. చివరికి తానే చెక్క వదిలి, దానికి వేలాడుతున్న తాడు ముంజేతికి చుట్టుకుని నీళ్లలోకి జారింది.

"నీ పేరేంటి, బాబూ?" అనడిగింది ఎపొనీనా. అతని పెదవులు కదిలాయి. కెరటం హోరులో మాట వినపడలేదు. తర్వాత ఎన్నిసార్లడిగినా పలకలేదు.

రాత్రంతా ముసలావిడ తిడుతూనే ఉంది. "నిద్రపోకే, మొద్దూ! కొబ్బరిపాలు విరగ్గొట్టే చేతులేగా నీవి, తాడైనా సరిగ్గా పట్టుకో!"

ఆ తిట్లు ఆగితే జుల్మీరాకు గుండె జారిపోయేది. "ఆపకండి అత్తయ్యా, తిట్టండి," అని బతిమాలేది. ఒకసారి తాడు విప్పేసుకుందామనిపించింది. విప్పడానికి వేళ్లు వంగలేదు.

తెల్లారాక కెరటాలు వాళ్లను సెర్జిపె తీరంలో ఇసుకమీదికి విసిరేశాయి. జాలర్లు పరుగెత్తుకొచ్చారు. సిపాయి ఒళ్లు అప్పటికే కట్టెలా బిగుసుకుపోయింది. ఎపొనీనా అతని మణికట్టు వదల్లేదు.

"పోయాడమ్మా," అన్నాడొక జాలరి మెల్లగా. "శవాలు ఇంకా కొట్టుకొస్తున్నాయి. ఎవరూ లేనివాళ్లను ఒకే గోతిలో పెట్టమన్నారు. ఇతను మీకేమవుతాడు?"

ఎపొనీనా నోరు తెరిచింది.

"మా మరిది," అంది జుల్మీరా. "వేరే గొయ్యి తవ్వండి."

"శిలువమీద ఏం పేరు రాయమంటారు?"

జుల్మీరా తన అత్తవారి ఇంటిపేరు చెప్పింది. తర్వాత ఇసుకలో కూలబడి, ముసలావిడ వేళ్లను ఒక్కొక్కటే నెమ్మదిగా విప్పసాగింది.