తొమ్మిదో ముక్క

ల్యాబ్‌లో ఆమెకు చిటపట అని పేరు. కోపం వస్తే పోపులో ఆవాల్లా పేలుతుంది మరి. ఆ రోజు పొద్దున్నే మొదలైంది, ఆపేవాళ్లు లేరు.

కోపమంతా తొమ్మిదో ముక్క మీద. ఒక టైలర్ క్యాన్సర్ కణితిలో తప్ప అతని ఒంట్లో ఇంకెక్కడా లేని ప్రోటీన్ ముక్కల్ని కంప్యూటర్ ఏరిపెట్టింది. పెప్టైడ్‌లంటారు వాటిని. పొడిగా వస్తాయి. కరిగించి, టైలర్ రక్తంలో రోగాలతో పోరాడే టీ-కణాలకు చూపించాలి. ఏ ముక్కనైనా చూసి ఒక్క కణం స్పందించినా చాలు, ముక్కను పట్టుకునే దాని రిసెప్టర్ చదివి, కణితిని గుర్తుపట్టే కణాల్ని దండిగా తయారుచేయవచ్చు. కంప్యూటర్ అందరికంటే ముందు నిలబెట్టింది తొమ్మిదోదాన్నే. కణాలు మాత్రం మొదటి ప్రయోగంలో దాని మొహం కూడా చూడలేదు. ఇక మిగిలింది ఒక్క గొట్టం కణాలే. చిక్కి సగమైన మనిషి దగ్గర ఇంకో చుక్క రక్తం తీసేది లేదని డాక్టరు తెగేసి చెప్పాడు.

"ఆ మొండిదాన్ని తీసేద్దామమ్మా," అన్నాడు ల్యాబ్ పెద్దాయన. "నీళ్లు తగిలితే చాలు, పాలలా విరుగుతుంది. ఇలాంటివి ఇదివరకు ఎన్ని తీసేయలేదు?"

"కరగలేదని మనం తీసేస్తే, కణితి ఊరుకుంటుందా సార్?"

రక్తం ఇవ్వడానికి వచ్చిన రోజున ఆ టైలర్ ఆమె తెల్లకోటు జేబు ఊడి వేలాడటం చూశాడు. కూతురిచేత సూదీ దారం తెప్పించుకుని, అక్కడే కూర్చుని కుట్టిచ్చాడు. ఆ జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆమెకు చిరాకు రెట్టింపవుతోంది.

విసవిసా బల్ల దగ్గరికి వచ్చింది. అక్కడ జూనియర్, అందరూ నిదానం అని పిలిచేవాడు, సిరంజితో కుస్తీ పడుతున్నాడు.

"ఏమయ్యా, పాలు పితుకుతున్నావా?"

"తొమ్మిదోది మొదటిసారీ ఇంతే అక్కా. ఫిల్టర్‌లోంచి బలంగా తోస్తేగానీ దిగదు. దిగాక మాత్రం చూడు, ఎంత తేటగా ఉందో!"

ఆమెకు అప్పుడు అర్థమైంది. పెప్టైడంతా ఫిల్టర్‌లో అట్టకట్టుకుపోతోంది. మొదటిసారీ కణాలకు అందింది ఒట్టి నీళ్లే.

"ఎవడు వడకట్టమన్నాడయ్యా నిన్ను?"

నిదానం గోడవైపు చూశాడు. కణాల దగ్గరికి వెళ్లేది ఏదైనా వడకట్టి తీరాలి అని ఎర్ర అక్షరాలు, కింద రెండు గీతలు. ఎప్పుడో సూక్ష్మజీవులు చేరి ప్రయోగం నాశనమైనప్పుడు ఆమే కోపంతో రాసి అంటించింది.

"కణాలమీద పోసేశావా?"

"ఇప్పుడే. కొంచెం."

"ఒట్టి నీళ్లేగా, బతికిపోయాం. లే పక్కకి!"

కొత్త పొడిని ద్రావకంలో కరిగించింది. ఆ ద్రావకంలో ఏ సూక్ష్మజీవీ బతకదు, వడకట్టే పనే లేదు. కణాలు పెరిగే గోరువెచ్చని ద్రవంలో చుక్కచుక్కగా కలుపుతూ, పళ్లు నూరుకుంటూ, గోడమీది కాగితాన్ని తిట్టుకుంటూ, అది విరిగేలోపే కణాలకు అందించింది.

మర్నాడు పరీక్ష పళ్లెంలోని తొమ్మిదో గుంటలో కొన్ని కణాలు స్పందించి మెరిశాయి. మిగతా గుంటలన్నీ చీకటి.

"నాకప్పుడే అనిపించింది, ఇది మంచి ముక్కని," అన్నాడు పెద్దాయన. ఆమె ఆయన్ని కొట్టకుండా ఉండటానికి జేబులో చెయ్యి పెట్టుకుంది.

ఆయన వెళ్లాక నిదానం మెల్లగా అడిగాడు. "అక్కా, మరి ఆ డబ్బా?"

ఫ్రీజర్ అడుగున ఉంది అది. మూతమీద 'మొండివి' అని రాసింది కూడా ఆమే. లోపల పాత రోగుల పెప్టైడ్‌లు, స్పందన లేదని కొట్టేసినవి. అన్నీ వడకట్టినవే. అన్నిటికంటే పైన ఒక బస్సు డ్రైవర్‌ది. అతని కణాలు ఎప్పుడో అయిపోయాయి. అతనూ పోయాడు.

చిటపట అరవబోయి నోరు తెరిచింది. ఎవరిమీద అరవాలో తెలియక, డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.