గోధుమ జాడలు ఉండవచ్చు

అత్‌బాషీ లోయలో తురుస్బెక్ గిన్నె ఎత్తి ప్రసంగించనిదే పెళ్లి విందు మొదలయ్యేది కాదు; ఆయన ప్రసంగిస్తున్నంతసేపూ అది ముగిసేదీ కాదు. అంతటి మహావక్త ఆ ఉదయం వంటింట్లో కళ్లజోడు సవరించుకుని, ఒక మొక్కజొన్న పిండి ప్యాకెట్‌ను రాజులు సంధిపత్రం చదివినంత గంభీరంగా చదువుతున్నాడు.

కారణం ఐదేళ్ల బెగిమాయ్. క్రితం వేసవిలో తాత చేతి గోధుమ రొట్టె తిని మనవరాలు కడుపు పట్టుకుని మంచం ఎక్కింది. గోధుమ ఆ పిల్ల పేగులకు పడదనీ, ఇక జన్మలో ముట్టరాదనీ బిష్కెక్ వైద్యులు తేల్చారు. ఇవాళ కోడలు ఐతుర్గాన్ పిల్లను తీసుకుని మళ్లీ వస్తోంది. గడప దాటి వచ్చిన మనిషి ఆ ఇంటి రొట్టె ఒక్క తుంపైనా నోట వేసుకోకుండా వెళ్లడమంటే, ఆ లోయలో, ఆ ఇంటిని కాదనుకుని వెళ్లడమే. సొంత మనవరాలు పరాయిదానిలా వెళ్లిపోతుందా? ఆ దిగులుతోనే ఆయన అంగడికి పోయి ఈ పిండి తెచ్చాడు.

"'చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను.' చూశావా? మన ఊరి గురించే రాశారు," అన్నాడు భార్య బురుల్‌కాన్‌తో.

"కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది. అది కూడా చదువు."

"'గోధుమ జాడలు ఉండవచ్చు.' ఓ, అదా! అది మర్యాద. నువ్వు పొట్టేలు మొత్తం వండి ముందు పెట్టి, 'మా ఇంట్లో ఏముంది గనక, ఏదో ఉన్నంతలో' అనవూ? ఈ మిల్లువాడెవరో మంచి ఇంట పుట్టినవాడు. తన సరుకు తనే పొగుడుకోలేక తగ్గి మాట్లాడాడు."

"నువ్వెప్పుడైనా తగ్గి మాట్లాడావా, ముసలాయనా?"

తురుస్బెక్ చేతులు మడిచి పిండి కలపడం మొదలుపెట్టాడు. రొట్టె బంగారు రంగులో పొంగింది.

మధ్యాహ్నం కోడలూ పిల్లా వచ్చారు. పొరుగింటి ఎసెన్‌గుల్ కూడా వచ్చి, నేల మీద పరిచిన భోజనాల గుడ్డ దగ్గర పెద్దపీట ఆక్రమించాడు. ఐతుర్గాన్ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. తురుస్బెక్ రొట్టె తుంచి, మంచు శిఖరాలతో ఆరంభించి ఏడు తరాల పూర్వీకులను స్మరించి, ఎట్టకేలకు తుంపును మనవరాలి నోటి దాకా తెచ్చాడు.

"అతా, వద్దు! పెట్టకండి!"

ఖాళీ ప్యాకెట్‌తో ఐతుర్గాన్ గుమ్మంలో నిలబడి ఉంది. మామగారిని 'అతా', అంటే నాన్నా, అనడమే తప్ప పేరు కూడా పైకి పలకని కోడలు, పరాయివాడి ముందు ఆయన చేతిని ఆపింది.

"ఓహో! పట్నం పోయొచ్చిన కోడలు మామ రొట్టెకే పరీక్ష పెట్టిందే!" అన్నాడు ఎసెన్‌గుల్ సంబరంగా.

తురుస్బెక్ చిరునవ్వు నవ్వాడు. "భయపడకమ్మా. అది మర్యాదకి రాసిన మాట."

"కాదు అతా. మొక్కజొన్న ఆడించే మరలోనే వాళ్లు గోధుమలూ ఆడిస్తారు. ఇందులో కలిసిందో లేదో వాళ్లకే తెలీదు. అదే రాశారు. దుమ్మంత కలిసినా పిల్ల మళ్లీ మంచం ఎక్కుతుంది."

తెలీదట! ఉదయం చూసిన వరుడి గుణగణాలకు మధ్యాహ్నం విందులో పూచీ పడ్డ తురుస్బెక్ నోట ఆ మాట ఏనాడూ రాలేదు. ఆయన తుంపు కింద పెట్టాడు.

"అయితే మన తిరుగలి ఉంది కదా!" అంటూ బురుల్‌కాన్ లేచింది. "మొక్కజొన్నలు అటక మీదున్నాయి. మన చేత్తో మనమే విసురుకుందాం. దానికి ఏ రాతా ఉండదు."

ఎసెన్‌గుల్ సాయం పట్టి తిరుగలి తెచ్చాడు. అత్తగారు రాళ్లు తుడిచి చూపించింది. ఐతుర్గాన్ ముఖం తేటపడింది. ఇంటి మాట కనుక నమ్మింది. అంతా చక్కబడినట్టే ఉంది. తురుస్బెక్ నోరు మూసుకుంటే చాలు. ఆ కార్యం ఆయనకు అలవాటు లేదు. రాతి గంట్లలో వేలు పోనిచ్చాడు. వేలికొసన బూడిద రంగు పొడి. తల్లి ఈ తిరుగలి ముందు కూర్చుని వేయించిన గోధుమలు విసురుతుంటే పక్కన చేరి పిండి బొక్కిన రోజులు గుర్తొచ్చాయి.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎసెన్‌గుల్ దీర్ఘోపన్యాసానికి సిద్ధపడి దిండుకు చేరగిలబడ్డాడు.

"ఇందులో గోధుమ ఉండవచ్చు," అన్నాడు తురుస్బెక్. "మా అమ్మ విసిరేది. ఎంత మిగిలిందో నాకు తెలీదు. ఈ గుడ్డ కూడా ఏళ్లుగా రొట్టె పొడి తాగింది. తీసేయండి."

ఆయన ప్రసంగాలన్నింటిలో పొట్టిది అదే.

కొత్త గుడ్డ పరిచారు. ఆయన మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, పెరటి బంగాళాదుంపలను పొయ్యి నిప్పుల్లో తొక్కతోనే కాల్చి, ఒకటి ఒలిచి, ఊది, మనవరాలి అరచేతిలో పెట్టాడు.

"ఇది రొట్టె కాదుగా, తాతా?"

"ఈ ఇంట్లో నీకు ఇదే రొట్టె."

పిల్ల కొరికింది. నమిలింది. ఎసెన్‌గుల్ కూడా దిండు వదిలి ముందుకు వంగాడు.

"ఉప్పు లేదు," అంది.

బురుల్‌కాన్ ఉప్పు ప్యాకెట్ తెచ్చింది. తురుస్బెక్ దాన్ని ఆమె చేతిలోంచి అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి చదివాడు.

"పదార్థాలు: ఉప్పు," అన్నాడు బిగ్గరగా. అని, ప్యాకెట్ కోడలికి అందించాడు. "నువ్వూ ఒకసారి చదువమ్మా."