పోగులు తీసిన గుడ్డ

నేను ఒక గళ్ళ గుడ్డను. ఎరుపు, నీలం గళ్ళు, మధ్యలో తెల్ల చారలు. నన్ను నేసింది చీరాల దగ్గర వీరాస్వామి, గుంటమగ్గం మీద. ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి ముడేసేవాడు. నన్ను ఎవరు కట్టుకుంటారో ఆయనకు తెలియదు. "సముద్రం అవతలోళ్ళంటలేవే" అన్నాడు భార్యతో. అంతకు మించి ఎవరూ అడగలేదు.

ఆ అవతల నైజీరియా. ఆఫ్రికా పడమటి తీరం. నైజర్ నది సముద్రంలో కలిసేచోట నేల తక్కువ, నీటి పాయలు ఎక్కువ. అక్కడి కలబారి జనం ఊరి నుంచి ఊరికి పడవల మీద పోతారు. వాళ్ళకు మా గళ్ళ గుడ్డ తాతల నాటి నుంచి ఇంటి గుడ్డ. బిడ్డ పుట్టినా మేమే, మనిషి పోయినా మేమే. అయితే నేసినదాన్ని నేసినట్టు ఉంచరు. ఆడవాళ్ళు సూదితో తెల్ల పోగును లేపి, బ్లేడుతో కోసి, లాగేస్తారు. అప్పుడు కొత్త అల్లిక కనబడుతుంది. వీరాస్వామి చూస్తే నెత్తి కొట్టుకునేవాడు.

నన్ను బుగుమా ఊళ్ళో ఇబినాబో అనే ముసలమ్మ కొంది. సగం కోసి కన్ను మూసింది. అక్కడ పెద్దవాళ్ళు పోతే ఇంటి గుడ్డలు పరిచిన మంచం మీద పడుకోబెడతారు. తల్లి కోసిన గుడ్డే ఆ మంచం మీద ఉండాలని కూతురు ఇబిఫురో పట్టు. సగం కోతతో పరిస్తే నలుగురిలో నగుబాటు. మంచం పరచడానికి రెండు రోజులే గడువు. తనే కూర్చుంది.

"చేపలు కోసే చెయ్యి నీది. గుడ్డ కోయడం నీకెక్కడొస్తుందే?" అంది పెద్దమ్మ బోమా.

మొదటి గడిలోనే తెల్ల పోగు బదులు నీలం పోగు కోసేసింది. తీసిన పోగు మళ్ళీ పెట్టేది కాదు. ఇబిఫురో ఏడవలేదు. నన్ను వెలుతురుకి పట్టి చూసింది. రెండో గడిలో అదే చోట నీలం పోగు కోసింది. మూడో దాంట్లోనూ అంతే. చివరిదాకా అంతే.

బోమా వచ్చి తడిమింది. "ఇది మా చెల్లి కోత కాదే."

"కాదు పెద్దమ్మా. తల వైపుది అమ్మది. కాళ్ళ వైపుది నాది."

బోమా ఇంకోసారి తడిమింది. "సరే, పరిచెయ్. జనం వస్తున్నారు."

వచ్చిన ఆడవాళ్ళు కాళ్ళ వైపే ఎక్కువసేపు నిలబడ్డారు.

ఇప్పుడు ఇబిఫురో ఇంట్లో బట్టల పెట్టెలో ఉంటున్నాను. పోగులు పోయి తేలికయ్యాను. మొన్న బోమా కొత్త గుడ్డ ఒకటి తెచ్చింది.

"ఆ నీలం తప్పుందే, అది దీంట్లోనూ కోసిపెట్టు. ఎవరికీ చెప్పకు."

ఇబిఫురో నవ్వలేదు. నమూనా చూడటానికి నన్ను పెట్టెలోంచి తీసి ఒళ్ళో పరుచుకుంది.